బోటు జాబితాలో ఐదో పేరు

దయ్యాలను నమ్మని వాళ్ళలో నేను కాస్త మొండి రకం. విజయవాడ గవర్నరుపేటలో ఇరవై ఏళ్ళకు పైగా రేడియోలు, టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసి బతికాను. తనంతట తానే పాడే రేడియో అనీ, మనిషి లేని గదిలో వెలిగే టీవీ అనీ, పోయిన మామగారి గొంతు వినిపించే టేప్‌రికార్డర్ అనీ జనం ఎన్నో తెచ్చి నా బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే ప్రతిదానిలోనూ ఓ వదులు తీగో, బొద్దింకో, చెమ్మో దొరికింది. దయ్యం ఒక్కసారీ దొరకలేదు.

అందుకని ఇప్పుడు చెప్పబోయేదాన్ని దయ్యం కథ అని నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో ఎక్కడైనా మీకు నా మీదే అనుమానం వస్తే తప్పు పట్టను. నాకూ వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయింది. ఎండాకాలం. పొద్దున పది గంటలప్పుడు ఒక పెద్దాయన, ఒక ఆడమనిషి నా షాపు మెట్లెక్కారు. ఇద్దరి మధ్యా పాత దుప్పట్లో కట్టిన పెద్ద మూట. బందరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చామన్నారు. విప్పితే లోపల కంప్యూటర్.

ఆ రోజుల్లోనే అది పాత సామాను. పచ్చ అక్షరాల తెర, ఇటుకంత బరువు కీబోర్డు. అందులో హార్డ్ డిస్కు ఉండదు. ముందువైపు చీలికలాంటి నోరు ఉంటుంది, దానిలో అప్పడమంత ఫ్లాపీ పెట్టి పిడి దించితేనే ఏదైనా పని చేస్తుంది. ఫ్లాపీని చదివే ఆ భాగాన్నే డ్రైవు అంటారు. ఈ డ్రైవు బిగుసుకుపోయింది. పిడి పైకి రావడం లేదు, ఫ్లాపీ లోపలే ఉండిపోయింది.

"పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నాను. నాకు పొద్దున్నే చిరాకు ఎక్కువ.

"కంప్యూటర్ మాకెందుకండీ, లోపలున్న జాబితా కావాలి" అంది ఆవిడ. మాట పూర్తికాక ముందే పెద్దాయన అందుకున్నాడు. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఆయన అందుకోవడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు.

ఆయన పేరు రత్నం గారు. బందరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ ఫ్యాక్టరీ యజమానికి నాలుగు మరబోట్లు ఉండేవట. బోటు వేటకు వెళ్ళేముందు ఎవరెవరు ఎక్కుతున్నారో, జరగరానిది జరిగితే కబురు ఎవరికి చెయ్యాలో జాబితా కొట్టి, ఒక కాగితం రేవు ఆఫీసులో ఇవ్వడం ఈయన పని. జాబితా ఫ్లాపీలో కూడా ఉండేది.

ఆవిడ నాగమణి. ముప్పై లోపే ఉంటుంది. భర్త ఏడుకొండలు ఐదేళ్ళ కిందట ఆ బోట్లలో ఒకదానిలో వెళ్ళాడు. వాయుగుండం పట్టింది. బోటు చెక్కలు దొరికాయి, ఇద్దరి శవాలు దొరికాయి. మిగతావాళ్ళు దొరకలేదు. దొరకనివాళ్ళకు కూడా కాగితంలో పేరుంది కాబట్టి చావు రాశారు. ఏడుకొండలుకు రాయలేదు. కాగితంలో అతని పేరే లేదు.

"ఎందుకు లేదు?" అన్నాను.

రత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆ బోటు ఎక్కాల్సిన ఏడుగురిలో కోటేశు అనే అతనికి జ్వరం వచ్చింది. తెల్లవారుజామున కబురు పంపాడు, రాలేనని. అప్పటికి కాగితం తయారైపోయింది. వాన పడుతోంది, రేవులో జనం లేరు. అటు వచ్చిన ఏడుకొండలు, నేనెక్కుతాలెండి అన్నాడు. ఎక్కాడు.

"అయితే కోటేశు పేరు కొట్టేసి ఈయన పేరు రాయాలి కదా."

"బోటు కదిలేప్పుడు కాగితం మీద పేరు కొట్టెయ్యకూడదు బాబూ. మా రేవులో ఎవరూ కొట్టరు. పేరు మీద గీత పడితే ఆ మనిషి మీద పడ్డట్టే. బోటెక్కేవాళ్ళు చూస్తూ ఉంటారు, వాళ్ళ ఎదురుగా ఎలా గియ్యమంటారు?"

"ఇంకో కాగితం రాయచ్చుగా."

"పాత కాగితం చింపాలిగా. అది ఇంకా చెడ్డ."

అంచేత ఆయన కాగితాన్ని అలాగే ఆఫీసులో ఇచ్చి, కంప్యూటర్లో మాత్రం కోటేశు పేరు తీసేసి ఏడుకొండలు పేరు కొట్టాడట. కంప్యూటర్లో అయితే గీత గీయక్కర్లేదు, మీట నొక్కితే పేరు దానంతట అదే పోతుంది. తిరిగొచ్చాక కాగితం మార్చుకోవచ్చులే అనుకున్నాడు. బోటు తిరిగి రాలేదు.

యజమానికి చెబితే, కోటేశు రాలేదు, ఆరుగురే ఎక్కారని చెప్పు, కాగితంలో లేని పేరు ఎత్తితే ఇద్దరం ఇరుక్కుంటాం అన్నాడట. ఈయన నోరు మూసుకున్నాడు. ఐదేళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మాటే అన్నాను. 

ఈలోగా ఊరు తన కథ తాను అల్లుకుంది. వారం ముందే ఏడుకొండలు తల్లితో గొడవపడి కేరళ బోట్లకు పోతానని అరిచాడట. ఇంకేముంది, పోయాడన్నారు. కొచ్చిలో ఎవరో చూశామన్నారు. పక్కన ఆడమనిషి కూడా ఉందన్నారు. అత్తగారేమో కొడుకు బతికే ఉన్నాడని, కోడలి పోరు పడలేకే పోయాడని అంటోంది. బోటు మునిగేసరికి నాగమణి కడుపుతో ఉంది. పుట్టిన పిల్ల లక్ష్మిని ఈ మధ్యే బడిలో వేశారు. అక్కడ పిల్లలు, మీ నాన్న పారిపోయాడు కదే అన్నారట.

"చచ్చిపోయాడని ఎవరైనా అంటే ఏడుస్తానండీ. ఏడ్చి ఊరుకుంటాను. ఇదేం బతుకో నాకు తెలీట్లేదు. బొట్టు పెట్టుకోవాలంటే చెయ్యి రాదు, తీసెయ్యాలంటే మా అత్త ఊరుకోదు" అంది నాగమణి. గొంతులో ఏడుపు లేదు. చెప్పీ చెప్పీ అరిగిపోయినట్టు చెప్పింది.

నిజం ఒప్పుకుంటాను, ఆవిడ మీద జాలి కలిగింది గానీ పెద్దాయన మీద నమ్మకం కలగలేదు. ఐదేళ్ళు నోరు మెదపని మనిషికి ఇప్పుడే గుర్తొచ్చిందా? పాపభయంతో ఇప్పుడు ఓ జాబితా తనే కొట్టి, ఫ్లాపీలో పెట్టి, నా చేత తీయించి నా చెవిలో పువ్వు పెట్టడం లేదు కదా? ఫైలు తేదీ చూసి పట్టుకుందామా అంటే అదీ కుదరదు. ఆ మెషీన్లు ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతాయి. మీరు తేదీ కొట్టేవారా అని అడిగితే, "అదెందుకు బాబూ, ఊరికే మీట నొక్కితే పోయేది" అన్నాడు. అంటే ఆ ఫ్లాపీలో ప్రతి ఫైలుకూ ఒకటే దొంగ తేదీ ఉంటుంది.

"మరి డ్రైవు ఎప్పుడు పాడైంది?"

బోటు మునిగిన మరుసటి ఏడు దసరాకి అన్నాడు. ఆయుధపూజ రోజు యజమాని తల్లి ఐసు మిషన్లకు, బోటు ఇంజన్లకు, తక్కెడకు బొట్లు పెట్టి, కంప్యూటర్ దగ్గరకొచ్చి, దీని నోరు ఇదేగా అని ఆ చీలికలో గుప్పెడు అక్షతలు పోసిందట. కుంకుమ నీళ్ళు కూడా చల్లింది. అప్పుడు బిగుసుకుపోయిన పిడి మళ్ళీ లేవలేదు. వలల గదిలో పడేశారు, కొన్నాళ్ళకు పాత ఇనుము వాడికి ఇవ్వబోతే ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

విని నెత్తి కొట్టుకున్నాను. కానీ విజయవాడలో దసరా మర్నాడు నా షాపుకు వచ్చే గిరాకీలో సగం ఇలాంటిదే, కాబట్టి ఆ మాట మాత్రం నమ్మాను.

సామాను వదిలేసి మూడో రోజు మధ్యాహ్నం రమ్మన్నాను. నేనూ ఉంటాను, పక్కన కూర్చుంటాను అన్నాడాయన. అక్కర్లేదన్నాను. ఆయన అటు వెళ్ళగానే షట్టరు సగం దించుకుని పని మొదలుపెట్టాను.

డ్రైవు పైమూత విప్పితే ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది. పసుపు బియ్యం గింజలు పదో పన్నెండో పిడి సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. కుంకుమ గడ్డకట్టి ఉంది. గింజలు పట్టకారుతో తీశాక పిడి లేచింది. ఫ్లాపీ బయటికొచ్చింది. అంచున కాస్త బూజు తప్ప బాగానే ఉంది.

అసలు జబ్బు వేరే. ఆ పాత డ్రైవుల్లో మోటారు ఒక పక్క, ఫ్లాపీని తిప్పే చక్రం ఒక పక్క ఉంటాయి. రెండిటికీ మధ్య సన్నటి రబ్బరు బెల్టు. బందరు ఉప్పుగాలికి ఆ బెల్టు కరిగి బెల్లం పాకం అయిపోయింది. దూది, స్పిరిటు పెట్టి గంటసేపు తుడిచాను. ఆఖరికి బెల్టు అన్నది ఒక పోగు కూడా మిగల్లేదు. మోటారు తిరిగినా చక్రం తిరగదు. చక్రం తిరగకపోతే ఫ్లాపీ తిరగదు. ఫ్లాపీ తిరగకపోతే అక్షరం కూడా చదవడం అసాధ్యం. ఇందులో అభిప్రాయభేదానికి తావు లేదు.

ఫ్లాపీ బయటికొచ్చింది కదా, ఇంకో డ్రైవులో పెట్టి చూడచ్చుగా అని మీరు అడుగుతారు. చూశాను. నా దగ్గరున్న రెండు పాత డ్రైవుల్లోనూ పెట్టాను. రెండూ చదవలేమన్నాయి. ఇది మా పనిలో మామూలే. డ్రైవులో ఫ్లాపీ మీద చదివే, రాసే భాగం, అంటే హెడ్డు, వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటే, అది రాసింది మళ్ళీ అదే చదవగలదు. కొందరు డాక్టర్ల చేతిరాత వాళ్ళ పక్క మందుల షాపు వాడికే అర్థమవుతుంది చూడండి, అలాగన్నమాట. కాబట్టి ఈ డ్రైవునే బతికించాలి.

మర్నాడంతా బెల్టు కోసం తిరిగాను. టేప్‌రికార్డర్ బెల్టులు తెచ్చి వేస్తే ఒకటి వదులు, ఒకటి బిగువు. ఆటోనగర్‌లో ఆయిల్ సీళ్ళు, రబ్బరు రింగులు అమ్మే తెలిసినాయన ఉన్నాడు. కొలత చూసి, రేపు పదకొండింటికి రా, గొడౌన్లోంచి తీయిస్తాను అన్నాడు.

మూడో రోజు పొద్దున ఆటోనగర్ వెళ్ళేముందు నేను ఒక పని చేశాను. నా అనుమానం గుణం అలాంటిది. ఆ రత్నం గారు నేను లేనప్పుడు వచ్చి ఫ్లాపీ మార్చేస్తాడేమోనని, ఫ్లాపీని అదే డ్రైవులో పెట్టి, పిడి దించి, దాని మీదుగా ఒక కాగితం ముక్క అతికించి సంతకం చేశాను. కాగితం చిరగకుండా పిడి లేవదు, పిడి లేవకుండా ఫ్లాపీ రాదు. డ్రైవు పైమూత మాత్రం తీసే ఉంచాను, వచ్చాక బెల్టు వేయాలి కదా. అచ్చు వేసే ప్రింటరు కూడా ముందే తగిలించి ఉంచాను.

బయల్దేరేసరికి కరెంటు లేదు. కంప్యూటర్ స్విచ్ ఆపానో లేదో నాకు గట్టిగా గుర్తు లేదు. ఇక్కడ నా వైపు పొరపాటు ఉండి ఉండచ్చు. షట్టరు దించి తాళం వేసింది మాత్రం బాగా గుర్తు. రెండో తాళంచెవి లేదు.

ఆటోనగర్‌లో రబ్బరు రింగు దొరికింది. కొలత సరిగ్గా సరిపోయింది. చొక్కా జేబులో వేసుకుని తిరిగొచ్చేసరికి ఒంటిగంట. ఎండ మాడ్చేస్తోంది. నాగమణి, రత్నం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎంతసేపయింది అంటే పదకొండున్నర నుంచీ అన్నారు. షట్టరుకు నా తాళం నేను వేసినట్టే ఉంది.

షట్టరు ఎత్తుతుండగానే లోపలి నుంచి చప్పుడు వినిపించింది. కర్ కర్ అని డ్రైవులో హెడ్డు జరిగే చప్పుడు. అది వింటూ బతికినవాణ్ణి, పొరబడను.

లోపల తెర వెలుగుతోంది. ఈలోగా కరెంటు వచ్చి ఉంటుంది, నేను స్విచ్ ఆపలేదేమో, అంతవరకూ సరే. డ్రైవు ఎర్రదీపం వెలగడం కూడా సరే. కానీ తెర నిండా పచ్చ అక్షరాలున్నాయి. ఫ్లాపీ చదవకుండా ఆ మెషీను మనిషిని ఒక్క పేరు కూడా కొట్టనివ్వదు. చదివినా మొదట తేదీ అడుగుతుంది, తర్వాత ఫలానా ఫైలు చూపించమని కొట్టాలి. అవి కొట్టినవాళ్ళెవరు?

నేను ముందు తెర చదవలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, గుమ్మంలోనే నిలబడి రత్నం గారి చెయ్యి పట్టుకున్నాను. "లోపలికి ఎలా వచ్చారు?" అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. ఎదురు వరండాలో బట్టలు కుట్టే ఆవిడ మా మాట విని లేచి వచ్చి, వాళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ మెట్ల మీదే ఉన్నారండీ, షట్టరు ఎవరూ ముట్టుకోలేదు, నేను ఇక్కడే ఉన్నాను అంది.

ఎవర్నీ దగ్గరికి రావద్దని చెప్పి టార్చి తీసుకుని డ్రైవు లోపలికి చూశాను. పిడి మీద నా కాగితం అలాగే ఉంది. సంతకం అలాగే ఉంది. మోటారు తిరుగుతోంది. చక్రం తిరగడం లేదు. ఎలా తిరుగుతుంది, బెల్టు నా జేబులో ఉంది. జేబు తడుముకుని మరీ చూసుకున్నాను. ఫ్లాపీ నిశ్చలంగా ఉంది. హెడ్డు మాత్రం ఉండుండి కర్ మంటూ జరుగుతోంది.

 అప్పటికీ బుర్ర ఊరుకోలేదు. పాత పచ్చ తెరల మీద ఒకే బొమ్మ ఏళ్ళ తరబడి ఉంటే దాని మచ్చ పడిపోతుంది, ఇదీ అదేనేమో అనుకున్నాను. తెరమీద ఉన్నది ఉన్నట్టు అచ్చు వేసే మీట ఒకటి ఉంటుంది. తెర మచ్చ అయితే కాగితం ఖాళీగా వస్తుంది. మీట నొక్కాను. ప్రింటరు ఒక్కో వరుసా అచ్చు వేసుకుంటూ పోయింది.

కాగితం చింపి చదివాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. పైన బోటు నంబరు. కింద ఏడు పేర్లు. ఒక్కో పేరు పక్కన కబురు ఎవరికి చెయ్యాలో. ఒకరికి తండ్రి, ఒకరికి అన్న, నలుగురికి భార్య. కోటేశు పేరు ఎక్కడా లేదు. ఐదో పేరు ఏడుకొండలు.

"ఉందా అండీ?" అంది నాగమణి గుమ్మం దగ్గర్నుంచి.

ఉంది అనబోయి ఆగిపోయాను. ఏడుకొండలు పక్కన భార్య నాగమణి అని లేదు. కూతురు, నీలవేణి అని ఉంది.

నాకు ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. దొంగ దొరికాడనిపించింది. బోటు మునిగేనాటికి ఆ పిల్ల పుట్టనే లేదు, పుట్టని కూతురికి కబురు చెయ్యమని ఎవడైనా రాయిస్తాడా? పైగా పిల్ల పేరు కూడా తప్పు. ఈ జాబితా ఎవరో ఈమధ్య కొట్టిందే. ఎలా కొట్టారో, ఎలా చూపిస్తున్నారో తర్వాత తేల్చుకుందాం.

"రత్నం గారూ, మీ అబద్ధాన్ని మీరే పట్టిచ్చారు" అని కాగితం ఆయన ముందుకు తోశాను. "పుట్టని పిల్లకి కబురేంటి? ఆ పిల్ల పేరు లక్ష్మి అని ఈవిడే చెప్పింది. ఈ నీలవేణి ఎవరు?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "నేను భార్య అనే కొట్టాను బాబూ. నాకు బాగా గుర్తు. ఈ పేరు నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

వెనక చప్పుడైతే చూశాను. నాగమణి నేలమీద కూలబడి ఉంది. నీళ్ళిచ్చాను, తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి మాట్లాడింది. రత్నం గారు ఈసారి మధ్యలో అందుకోలేదు.

"ముందు రోజు అన్నాడండీ. ఆడపిల్ల అయితే నీలవేణి అని పెడదామే అన్నాడు. అన్నం తింటా తింటా అన్నాడు ఆ మాట. మా అత్తక్కూడా చెప్పలేదు, ఇద్దరి మధ్యా మాట. పిల్ల పుట్టాక ఆ పేరు నేను పెట్టలేదండీ. కావాలనే పెట్టలేదు. ఎవత్తినో తీసుకుపోయినోడు చెప్పిన పేరు నా కూతురికెందుకు అనుకున్నాను."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఊరంతా అంటే పడ్డానండీ. పారిపోలేదు, బోటెక్కాడు అని అందరి మీదా అరిచాను. కానీ లోపల నేనూ నమ్మాను. ఐదేళ్ళు ఆయన్ని రోజూ తిట్టుకున్నాను. చచ్చిపోయినోణ్ణి తిట్టుకున్నానండీ నేను."

అప్పుడు ఏడ్చింది. బట్టలు కుట్టే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. రత్నం గారు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకేం చెయ్యాలో తెలియక డ్రైవు దగ్గరకెళ్ళాను. ఎర్రదీపం ఆరిపోయి ఉంది. తెర మీద పేర్లు పోయి, డిస్కు చదవలేకపోతున్నానని ఒక్క వాక్యం ఉంది. బెల్టు లేని డ్రైవు అనాల్సిన మాట అదే.

వాళ్ళ ఎదురుగానే పిడి మీద నేను అతికించిన కాగితం చింపి, కొత్త బెల్టు వేశాను. చక్రం నున్నగా తిరిగింది. ఎప్పుడో ఒకప్పుడు చదువుతుందిలే అని ఆ సాయంత్రం వరకు, ఆ తర్వాత వారం రోజులు ప్రయత్నించాను. ఒక్క అక్షరం రాలేదు. ఏ ఫైలూ లేదు. ఆ ఫ్లాపీ మీద ఎప్పుడైనా ఏదైనా రాశారన్న ఆనవాలే నాకు దొరకలేదు.

మిగిలింది అచ్చు వేసిన ఆ ఒక్క కాగితం. దానికి తోడు బాగుచేసిన మనిషి రాసిచ్చే మాట కావాలి అన్నారు రేవు ఆఫీసులో. అక్కడ నేను ఇరుక్కున్నాను. ఈ జాబితా ఈ ఫ్లాపీలోంచి వచ్చింది అని రాయాలి. వచ్చిందా? వస్తే ఎలా వచ్చింది? అన్నేళ్ళూ గిరాకీలకు అబద్ధం చెప్పకుండా బతికిన గర్వం నాది. ఉన్నదున్నట్టు రాస్తే, బెల్టు లేకుండా చదివింది అని రాస్తే, ఆఫీసరు కాగితం నా మొహాన కొడతాడు. ఆవిడ మళ్ళీ పారిపోయినవాడి పెళ్ళామే అవుతుంది.

రెండు రోజులు కొట్టుమిట్టాడాను. చివరికి ఇలా రాశాను: ఈ కాగితం నా షాపులో, నా కళ్ళ ముందు, ఆ కంప్యూటర్ తెర మీద ఉన్నది ఉన్నట్టు నా చేత్తో అచ్చు వేసినది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బెల్టు సంగతి రాయలేదు. సంతకం పెట్టాను.

రత్నం గారు కూడా తన పాత యజమాని మీద రాసిచ్చాడు. పేరు కొట్టెయ్యకుండా కాగితం ఎందుకు అలా ఇచ్చాడో అంతా రాశాడు. రేవు ఆఫీసులో పాతవాళ్ళు ఆ మాట విని, నిజమే, ఇక్కడెవరూ పేరు మీద గీత గియ్యరు అన్నారట. నీలవేణి ఎవరమ్మా అని ఆఫీసరు ఒక్కసారే అడిగాడు. మా అమ్మాయేనండీ అంది నాగమణి. పిల్ల ఎప్పుడు పుట్టిందని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. వానాకాలం దాటాక చావు రాశారు.

కార్తీకంలో కర్మ చేస్తున్నామని, తప్పకుండా రమ్మని రత్నం గారు కబురు చేశాడు. వెళ్ళాను. జాలితో వెళ్ళానని చెప్పుకోవచ్చు గానీ, అనుమానం తీరక వెళ్ళాను. పొద్దున్నే బందరు బస్సు దిగి వాళ్ళతో పాటు సముద్రం ఒడ్డుకు నడిచాను. మనిషి దొరకలేదు కాబట్టి ఏడుకొండలు చొక్కా, లుంగీ పెట్టి చేశారు. బొట్టు తీసే వేళ అత్తగారు నాగమణి రెండు చేతులూ పట్టుకుని, నిన్ను అన్న మాటలన్నీ నా కొడుకు విన్నాడేమోనే అని ఏడ్చింది. నేను అటు తిరిగిపోయాను.

రత్నం గారిని కాస్త పక్కకు పిలిచాను. "ఇప్పుడు అంతా అయిపోయింది. నా కోసం నిజం చెప్పండి. ఆ రోజు ఏడుకొండలు ఆ పేరు మీకు చెప్పాడు కదా? మీరు కొట్టి మర్చిపోయారు కదా?"

"పుట్టని పిల్లకి కబురు చెయ్యమని మనిషి చెబితే మర్చిపోతామా బాబూ" అన్నాడాయన. "ఆ మాట నా చెవిన పడి ఉంటే ఐదేళ్ళు నోరు మూసుకుని ఉండేవాణ్ణా?"

ఆ మనిషిని నమ్మాలో వద్దో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఏడుకొండలు చెప్పాడు, ఈయన కొట్టాడు, భయంలో మర్చిపోయాడు అనుకుంటే పేరు సంగతి తేలిపోతుంది. కదలని ఫ్లాపీ సంగతి తేలదు. తర్వాత అలాంటి డ్రైవులు మూడు సంపాదించి బెల్టు తీసి ఆన్ చేసి చూశాను. మూడూ చదవలేమనే అన్నాయి. తెలిసిన ఇంజనీర్లను అడిగాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన ఆ రోజు ఎండదెబ్బ తగిలి ఉంటుందన్నాడు. అచ్చు వేసిన కాగితానికి కూడా ఎండదెబ్బ తగిలిందా అని అడిగితే మాట మార్చాడు.

కర్మ అయ్యాక అందరూ స్నానాలు చేసి ఒడ్డున నిలబడ్డారు. పిల్ల దూరంగా తడి ఇసుకలో ఆడుకుంటోంది. బయల్దేరే వేళయింది. నాగమణి "నీలవేణీ" అని పిలిచింది. పిల్ల తల తిప్పలేదు. తనను కాదనుకుంది. ఆవిడ రెండోసారి పిలిచింది, మూడోసారి పిలిచింది. మూడోసారికి పిల్ల లేచి, నన్నేనా అన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసింది. నిన్నేనమ్మా, మీ నాన్న పెట్టిన పేరు అంది నాగమణి.

బెల్టు లేని డ్రైవు ఆ పేరు ఎలా చదివిందో నేను చెప్పలేను. చదివి ఉండకపోతే బాగుండేదని మాత్రం ఒక్క రోజూ అనుకోలేదు.